మరపు ముదిరినా మిగిలే పాట
(డిమెన్షియా బాధితులు, సాముదాయిక కళలు, సంఘ పరిచర్య: ఒక విమర్శనాత్మక పరిశీలన)

ఉపోద్ఘాతం

కడప జిల్లాలోని ఒక పల్లె సంఘంలో నేను కాపరిగా ఉన్న రోజుల్లో ఒక అవ్వ ఉండేది. ఆమెకు చదువు రాదు. వయసులో ఉండగా రాత్రిపూట దీపం ముందు కూర్చుని విత్తనానికి శెనక్కాయలు ఒలుస్తూ, తోటి ఆడవాళ్ల నోట విని కీర్తనలు నేర్చుకుంది. పుస్తకం ముట్టకుండానే నూరు కీర్తనల పైమాట పాడేది. డెబ్బయి దాటాక ఆమెకు మరపు మొదలైంది. మొదట పేర్లు, తర్వాత ఇంటి దారి, చివరకు కన్న కొడుకు ముఖం కూడా మరిచిపోయింది. అయినా ప్రతి ఆదివారం గుడికి వచ్చేది. నేను ప్రసంగం చెబుతుండగా మధ్యలో గొంతెత్తి ఒక పల్లవి అందుకునేది. పిల్లలు నవ్వేవారు. పెద్దలు నా వైపు చూసేవారు. రెండు మూడు వారాలు సహించాను. నాలుగో వారం ఆమె కొడుకును పక్కకు పిలిచి, “కొన్నాళ్లు అవ్వను ఇంట్లోనే ఉంచు నాయనా, ఆరాధనకు ఆటంకంగా ఉంది” అని చెప్పాను.

ఆ మాట చెప్పినప్పుడు నాకు తప్పుగా తోచలేదు. ఆరాధన క్రమంగా జరగాలని 1 కొరింథీ 14వ అధ్యాయం నుండి రుజువు కూడా చూపగలిగేవాణ్ణి. ఈ వ్యాసం ఆ మాటను తిరిగి పరిశీలించుకునే ప్రయత్నం. డిమెన్షియాతో జీవిస్తున్నవారి క్షేమానికి పాట, వాద్యం, కథ వంటి సాముదాయిక కళలు తోడ్పడతాయని నేడు ప్రపంచమంతటా చెబుతున్నారు. ఆ మాటలో సత్యమెంత, అతిశయమెంత? మన రాయలసీమ సంఘాల చేతిలో ఉన్న కళలు ఏవి? వాటిని మనం ఎలా వాడుతున్నాము, ఎలా పోగొట్టుకుంటున్నాము? దైవశాస్త్రం ఈ విషయంలో ఏమి చెప్పగలదు? ఈ ప్రశ్నలను ఇక్కడ చర్చించదలచాను.

1. సమస్య స్వరూపం

డిమెన్షియా అనేది ఒక్క వ్యాధి పేరు కాదు. జ్ఞాపకశక్తి, ఆలోచన, భాష, దినచర్య క్రమంగా దెబ్బతినే స్థితికి అది ఉమ్మడి పేరు. దానికి ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్స్ వ్యాధి. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల కూడా వస్తుంది. చదువుకున్నవారు తెలుగులో ‘చిత్తవైకల్యం’ అంటారు. పల్లెల్లో ఆ మాట వినబడదు. ‘మతి తప్పింది’, ‘చాదస్తం’, ‘ముసలితనం’ అనేవే వినబడతాయి. మన సంఘాల్లో నాలుగో మాట ఒకటుంది, అది అన్నిటికంటె ప్రమాదకరమైనది: ‘ఏదో పట్టింది’. ఆ మాట విన్న కుటుంబం వైద్యుని దగ్గరకు పోవడం మాని స్వస్థత కూటాల వెంట తిరుగుతుంది. అక్కడ వృద్ధురాలి తలపై చేతులుంచి గద్దిస్తారు. ఆమె భయపడి ఏడిస్తే, దయ్యం కదిలిందని అంటారు. ఇది నేను కళ్లారా చూచిన సంగతి.

సమస్య చిన్నది కాదు. దేశవ్యాప్తంగా వృద్ధులపై జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 60 ఏళ్లు పైబడినవారిలో సుమారు 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉన్నదని ఆ అధ్యయనం అంచనా. పురుషులలో కంటె స్త్రీలలో, పట్టణాలలో కంటె పల్లెలలో ఇది ఎక్కువ. అంటే పల్లె సంఘంలో చాప మీద ముందు వరుసన కూర్చునే అవ్వలే ఇందులో మొదటివారు. 1992లో కేరళలో డాక్టర్ జేకబ్ రాయ్ చొరవతో ఏర్పడిన అల్జీమర్స్ సంబంధిత వ్యాధుల భారత సంఘం నాటినుండి ఈ విషయమై దేశంలో పని జరుగుతూనే ఉంది. హైదరాబాదులోనూ దాని శాఖ ఉంది. కాని ఆ పని ఎక్కువగా నగరాలకు చేరినట్టు మన పల్లెలకు చేరలేదు.

తెలుగు నేల నుండి ఈ రంగానికి అందిన ఒక ముఖ్యమైన పరిశోధనను ఇక్కడ ప్రస్తావించాలి. డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. ఒకే భాష మాట్లాడేవారి కంటె రెండు లేక అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో వ్యాధి సుమారు నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. ఈ తేడా చదువురాని వారిలోనూ కనబడింది. తెలుగూ దక్కనీ ఉర్దూ కలిసి వినబడే కడప వీధుల్లో తిరిగే మనకు ఇది ఆసక్తికరం. పాట పాడితే వ్యాధి రాదని దీనివల్ల రుజువు కాదు. అయితే బడి ముఖం చూడని మనిషి మెదడు కూడా నోటితో, చెవితో గడించిన సంపద గల మెదడే అని దీనివల్ల తెలుస్తుంది. మన అవ్వను ‘ఏమీ తెలియనిది’ అనే హక్కు ఎవరికీ లేదు.

2. మూడు ఆలోచనా ధోరణులు

ఈ విషయమై పాశ్చాత్య దేశాల్లో వచ్చిన పనిలో మనకు ముఖ్యమైనవి మూడు ధోరణులు.

మొదటిది టామ్ కిట్‌వుడ్ ధోరణి. 1997లో ఆయన ‘డిమెన్షియా రీకన్సిడర్డ్’ అనే గ్రంథం ప్రచురించాడు. రోగి చెడిపోవడానికి మెదడులోని లోపం ఒక్కటే కారణం కాదు, చుట్టూ ఉన్నవారి ప్రవర్తన కూడా కారణమే అని ఆయన వాదించాడు. పసిపిల్లలా చూడటం, మాట వినకుండా పక్కన పెట్టడం, ఎదుట ఉండగానే లేనట్టు మాట్లాడటం, పరిహసించడం, ఇవన్నీ మనిషిని లోపలినుండి కూలుస్తాయని చూపించాడు. మనం సంఘంలో చేసేవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఈ గ్రంథానికి మనం ఋణపడి ఉన్నాము.

అయితే ఒక అభ్యంతరం ఉంది. వ్యక్తిత్వం అనేది ఇతరులు ఒకరికి ఇచ్చే స్థానం అని కిట్‌వుడ్ నిర్వచించాడు. దళిత సంఘాలకు పరిచర్య చేసే నేను ఈ మాటను అంగీకరించలేను. మన తాతముత్తాతలకు ఊరు మనిషి స్థానం ఇవ్వలేదు. ఊరు ఇవ్వలేదు గనుక వారు మనుషులు కాకపోయారా? ఇతరులు ఇస్తేనే మనిషితనం అనే సిద్ధాంతం చివరకు ఇవ్వని వారి చేతికే అధికారం అప్పగిస్తుంది. ఆదికాండము 1:27 ప్రకారం మనిషి దేవుని స్వరూపంలో చేయబడినవాడు. చుట్టూ ఉన్నవారు చేయగలిగినది ఆ గౌరవాన్ని గుర్తించడం లేక తృణీకరించడం మాత్రమే, దాన్ని పుట్టించడం వారి వల్ల కాదు.

రెండవది జాన్ స్వింటన్ ధోరణి. ఆయన ముందు మానసిక రోగుల మధ్య నర్సుగా పనిచేసి, తర్వాత స్కాట్లాండులోని అబెర్డీన్ విశ్వవిద్యాలయంలో దైవశాస్త్ర ఆచార్యుడైనవాడు. 2012లో వచ్చిన ఆయన గ్రంథం ‘డిమెన్షియా: లివింగ్ ఇన్ ద మెమరీస్ ఆఫ్ గాడ్’ మన వేదాంత విద్యార్థులు తప్పక చదవవలసినది. మన గుర్తింపు మన జ్ఞాపకం మీద ఆధారపడి లేదు, దేవుడు మనలను జ్ఞాపకం చేసుకొనడం మీద ఆధారపడి ఉంది అనేది దాని సారాంశం. తల్లి మరచినా తాను మరువనని దేవుడు సెలవిచ్చిన యెషయా 49:15, మన జీవం క్రీస్తుతో కూడ దేవునియందు దాచబడి ఉన్నదన్న కొలొస్సయి 3:3 దీనికి ఆధారాలుగా నిలుస్తాయి. ప్రభువును మరచిన అవ్వ రక్షణ పోగొట్టుకున్నదా అని అడిగే కొడుక్కి ఇంతకంటె ఆదరణకరమైన జవాబు లేదు.

కాని ఈ గ్రంథాన్ని మన పరిస్థితిలో చదివినప్పుడు ఒక లోటు కనబడుతుంది. స్వింటన్ ఎక్కువగా తన దేశపు సంరక్షణ గృహాలను, ఆసుపత్రి చాప్లిన్ల పరిచర్యను దృష్టిలో ఉంచుకొని రాశాడు. ఒకే గది ఇంట్లో, తెల్లవారకముందే కూలికి పోవలసిన కోడలు, తలుపు తీస్తే రోడ్డు మీదికి పోయే అత్త, ఈ దృశ్యం అందులో లేదు. పైగా ‘దేవుడు జ్ఞాపకం ఉంచుకుంటాడు’ అనే సత్యం మన చేతుల్లో ఒక సాకుగా మారగలదు. దేవుడు మరువడు గనుక సంఘం మరచినా ఫరవాలేదు అని ఎవరూ పైకి అనరు. అయినా చాలా సంఘాల్లో మంచాన పడిన వృద్ధుల ఇళ్లకు కాపరి వెళ్లేది క్రిస్మస్‌కు ఒకసారి, మరణానికి ఒకసారి. స్వింటన్ ఉద్దేశం ఇది కాదు. కాని గ్రంథం తప్పు కాకపోయినా, దాన్ని చదివే సంఘం తప్పుగా వాడుకోగలదు.

మూడవది కళల ధోరణి. అమెరికాలో ఆన్ బాస్టింగ్ 1998లో ‘టైమ్‌స్లిప్స్’ అనే పద్ధతి ప్రారంభించింది. వృద్ధుల గుంపు ముందు ఒక చిత్రం పెట్టి, ఇదేమిటో జ్ఞాపకం చేసుకోండి అని అడగరు. ఇక్కడ ఏమి జరుగుతున్నట్టుంది, ఈమె పేరేమి పెడదాం అని అడుగుతారు. ఎవరు ఏమి చెప్పినా రాసుకుంటారు, అన్నీ కలిపి ఒక కథ చేస్తారు. తప్పు జవాబు అనేది ఉండదు. ఇంగ్లండులో 2003 ప్రాంతంలో మొదలైన ‘సింగింగ్ ఫర్ ద బ్రెయిన్’ అనే గుంపు పాటల కార్యక్రమం కూడా ఇటువంటిదే. అక్కడ రోగి, సంరక్షకుడు పక్కపక్కన కూర్చుని పాడతారు.

బాస్టింగ్ పద్ధతి చదివినప్పుడు నేను సిగ్గుపడ్డాను. ఇంటి దర్శనానికి వెళ్లిన ప్రతిసారీ నేను మొదట వేసే ప్రశ్న, “అవ్వా, నన్ను గుర్తుపట్టినావా?” తర్వాత, “ఇరవైమూడో కీర్తన చెప్పు చూద్దాం” అనేవాణ్ణి. ప్రేమతోనే అడిగాను. అవతలి మనిషికి అది పరీక్ష. ఆ పరీక్షలో ఆమె ప్రతిసారీ ఓడిపోతుంది. చుట్టూ ఉన్నవారి ముందు ఓడిపోతుంది. దానికి బదులు నేనే కీర్తన మొదలుపెడితే ఆమె కలిసేది.

ఇదే ధోరణిలో ప్రసిద్ధి పొందినది 2014లో వచ్చిన ‘అలైవ్ ఇన్‌సైడ్’ అనే డాక్యుమెంటరీ. సండాన్స్ చిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందింది. డాన్ కోహెన్ అనే సామాజిక కార్యకర్త వృద్ధాశ్రమాల్లోని వారికి వారి వయసునాటి పాటలు ఐపాడ్‌లో ఎక్కించి చెవులకు తగిలిస్తాడు. తల వంచుకొని ఉన్న హెన్రీ అనే వృద్ధుడు పాట వినగానే కళ్లు తెరచి ఊగుతాడు, మాట్లాడతాడు. చూచినవారి కళ్లు చెమ్మగిల్లక మానవు.

అయినా విమర్శకుడుగా రెండు మాటలు చెప్పాలి. ఒకటి, ఈ చిత్రం నడిచే తీరు మనకు బాగా తెలిసినది. స్వస్థత కూటంలో సాక్ష్యం నడిచే తీరు అది. అంతకుముందు ఇలా ఉండేవాడు, ముట్టగానే ఇలా అయ్యాడు. కూటం ముగిశాక ఆ మనిషి ఇంటికి పోయి ఎలా ఉన్నాడో సాక్ష్యంలో ఉండదు, ఈ చిత్రంలోనూ అది తక్కువే. రెండు, చెవులకు తగిలించిన పాట ఒక్కడి పాట. వెయ్యి పడకల ఆశ్రమంలో ఒంటరిగా ఉన్నవానికి అది మేలే. కాని మన దేశంలో పాట ఒక్కరిది కాదు. దాన్ని ఒక్కరి చెవులో పెట్టడం కంటె పదిమంది నోట పెట్టడం మనకు సులభం, చవక కూడా.

3. కీర్తన రూపం చేసే పని

మన సంఘాల్లో ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పుస్తకం లేని పాత ఇల్లు అరుదు. ప్రతి కీర్తన పైన రాగం, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి వంటి భక్తులు కర్ణాటక సంగీత రూపాన్ని క్రీస్తు సేవకు మళ్లించారు. కడపలో 1822లో లండన్ మిషన్ పని ప్రారంభమైన నాటినుండి తర్వాతి నూరేళ్లలో పల్లెలకు సువార్త చేరింది పుస్తకం ద్వారా కంటె పాట ద్వారానే ఎక్కువ అని చెప్పవచ్చు. చదువు రానివారికి కీర్తనే వేదపాఠం.

ఈ కీర్తనను సాహిత్యంగా, దైవశాస్త్రంగా పరిశీలించినవారు ఉన్నారు. జ్ఞాపకానికి ఊతకర్రగా దాని రూపం ఎలా పనిచేస్తుందో ఇక్కడ చూద్దాం.

మొదటిది పల్లవి. ప్రతి చరణం చివర పల్లవి తిరిగి వస్తుంది. అచ్చులో రెండు నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట మాత్రం వేస్తారు. అందరికీ తెలుసు గనుక పూర్తిగా వేయనక్కరలేదు. చరణం మధ్యలో దారి తప్పిన మనిషి భయపడనక్కరలేదు. కాస్సేపు ఊరుకుంటే పల్లవి మళ్లీ వస్తుంది, అప్పుడు కలవవచ్చు. ఇంటి దారి మరచిన అవ్వకు పాటలో ఇల్లు ప్రతి రెండు నిమిషాలకూ ఎదురువస్తుంది.

రెండవది ముందు పాట, వెనుక పాట. పల్లెల్లో ఒకరు వరుస పాడితే మిగతావారు అదే వరుస అందుకుంటారు. ఇది రాయలసీమ చెక్కభజనలోనూ, పండరి భజనలోనూ, కోలాటంలోనూ ఉన్న పద్ధతే. ఇందులో ఎవ్వరూ మొత్తం పాట జ్ఞాపకం ఉంచుకోనక్కరలేదు. ఇప్పుడే విన్నదాన్ని తిరిగి అంటే చాలు. జ్ఞాపకం అనే బరువు ఒక్కరి తలమీద కాక గుంపు భుజాల మీద ఉంటుంది.

మూడవది తాళం. చేతి తాళమో, కంజీరో, మోకాలి మీద చెయ్యో. మాట పోయినా చెయ్యి నడుస్తుంది. ఏండ్ల తరబడి పాడిన పాట జ్ఞాపకం ఇటీవలి సంగతుల జ్ఞాపకం కంటె ఎక్కువ కాలం నిలవడం వైద్యులు గమనించినదే. జర్మనీలోని పరిశోధకులు 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం, చిరకాలంగా తెలిసిన సంగీతానికి సంబంధించిన మెదడు భాగాలు అల్జీమర్స్ వ్యాధిలో తక్కిన భాగాలకంటె ఆలస్యంగా దెబ్బతింటాయి.

ద్వితీయోపదేశకాండము 31:19-22లో మోషేకు దేవుడిచ్చిన ఆజ్ఞను ఈ వెలుగులో చదవాలి. ప్రజలు మరచిపోతారని దేవునికి ముందే తెలుసు. అందుకు ఆయన చేసిన ఏర్పాటు ఒక పాట. ధర్మశాస్త్రం రాయించి మందసం పక్కన పెట్టించాడు, పాటను మాత్రం ప్రజల నోట పెట్టించాడు. వారి సంతానపు నోట అది మరువబడదని సెలవిచ్చాడు. పాట అనేది మరపు తెలిసిన దేవుడు మరచేవారికి ఇచ్చిన సాధనం.

ఇప్పుడు నేటి ఆరాధన చూడండి. పాట గోడ మీద తెరపై వెలుగుతుంది. చూపు మందగించినవారికి అది కనబడదు, చదువురాని వారికి కనబడినా లాభం లేదు. కీబోర్డు మధ్యలో వాయించే భాగం తర్వాత ఎక్కడ అందుకోవాలో వేదికమీద ఉన్నవారికే తెలుస్తుంది. శ్రుతి యువ గాయకునికి సరిపోయినంత ఎత్తులో ఉంటుంది. స్పీకర్ల హోరుకు మరపు ఉన్నవారు బెదురుతారు. ప్రతి సంవత్సరం కొత్త పాటలు వస్తాయి, పోయిన సంవత్సరపు పాటలు పోతాయి. ఇంతటి ఆరాధనలో అవ్వ మౌనంగా కూర్చుంటే, ఆమెకు మతి లేదని అంటాము. మనమే ఆమె చేతినుండి కర్ర లాగివేసి, నడవడం లేదని నిందిస్తున్నాము.

కొత్త పాటల పట్ల నాకు ద్వేషం లేదు. నేటి పాతికేళ్ల చెల్లెలికి డెబ్బయి ఏళ్లు వచ్చినప్పుడు ఆమె నాలుక మీద నిలిచేది నేటి పాటే. అందుకే అడుగుతున్నాను: ఒక పాట ఒక మనిషిలో నాటుకొనేంత కాలం మనం పాడుతున్నామా? ఏటేటా మార్చే సంఘం తన పిల్లలకు వృద్ధాప్యంలో ఏ పాటా మిగల్చదు.

4. డప్పు ప్రశ్న

ఇక్కడొక కష్టమైన ప్రశ్న ఎదురవుతుంది. ఒక సంఘ పెద్ద గురించి చెప్పాలి. ఆయన చిన్నతనంలో ఊరి జాతరలో డప్పు కొట్టేవాడు. యౌవనంలో బాప్తిస్మం పొందాక డప్పు ముట్టలేదు. ఏభై ఏళ్లు సంఘంలో నమ్మకంగా సేవ చేశాడు. మరపు వచ్చాక ఆయన కీర్తనలకు పలకడం మానాడు. మంచం పట్టెమీద, అన్నం తట్టమీద రెండు చేతుల వేళ్లతో జాతర దరువు వేయసాగాడు. ఆ సమయంలో ముఖం వెలిగిపోయేది. కుటుంబం సిగ్గుపడింది. సంఘంలో కొందరు, వెనుకకు తిరిగినాడు అన్నారు. తట్ట లాగేసుకోండి అని సలహా ఇచ్చారు.

డిమెన్షియాలో ఇటీవలి పొరలు ముందుగా రాలి, బాల్యపు పొరలు బయటపడడం తరచుగా జరుగుతుంది. మొదటి తరం విశ్వాసులకు ఆ అడుగు పొర క్రైస్తవ పొర కాకపోవచ్చు. అప్పుడు వారి విశ్వాసం సంగతి ఏమిటి? ఈ ప్రశ్న పాశ్చాత్య గ్రంథాల్లో దాదాపు లేదు, ఎందుకంటే అక్కడి వృద్ధుల బాల్యంలో ఉన్నది ఎక్కువగా క్రైస్తవ గీతాలే. ఇది మన ప్రశ్న, మనమే జవాబు చెప్పాలి.

నా జవాబు ఇది. ఆ చేతులు వేస్తున్నది విగ్రహారాధన కాదు. ఆరాధనకు ఉద్దేశం కావాలి, ఆయనకు మిగిలి ఉన్నది లయ. ఆ లయ ఆయన తండ్రి నేర్పినది. ఊరు ఆ డప్పును వాడుకొని, దాన్ని కొట్టిన చేతిని మాత్రం అంటరానిదన్నది. తర్వాత మనం కూడా దాన్ని గుడి బయటే ఉంచాము. సత్యనాథన్ క్లార్క్ వంటి దళిత దైవశాస్త్రవేత్తలు 1990ల చివరనే, పరైయర్ల డప్పును క్రీస్తు తత్వాన్ని తెలుసుకొనే ఒక గుర్తుగా చూడవచ్చునని వాదించారు. ఆ వాదంలోని ప్రతి అంశంతో నేను ఏకీభవించను. కాని ఆ పెద్దాయన మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది: ఏభై ఏళ్లు మనం ఆయన చేతులను ఊరుకోమన్నాము. జ్ఞాపకం సడలినప్పుడు ఆ చేతులు ఊరుకోలేదు.

నేను తట్ట లాగవద్దని చెప్పాను. ఒక సాయంత్రం ఆయన దరువుకు సరిపోయే నడకలో ఒక కీర్తన ఎత్తుకున్నాము. ఆయన పాడలేదు, దరువు మార్చలేదు, మా వైపు చూశాడు. ఇది గొప్ప విజయమని చెప్పను. ఆయన ఒంటరిగా వాయించే బదులు మాతో వాయించాడు, అంతే.

5. కళల పరిమితులు

ఇంతవరకు కళల పక్షాన మాట్లాడాను. ఇక వాటి హద్దులు కూడా చెప్పకపోతే నేనూ సాక్ష్యం చెప్పేవాడినే అవుతాను.

సంగీతం ఆధారంగా జరిగిన చికిత్సలపై 22 ప్రయోగాలను కలిపి పరిశీలించిన కోక్రేన్ సమీక్ష 2018లో వెలువడింది. సంగీతం వల్ల దిగులు తగ్గడం, ప్రవర్తనలోని ఇబ్బందులు కొంత తగ్గడం కనబడింది. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తిరిగి రావడం మాత్రం కనబడలేదు. ఆస్ట్రేలియా సంరక్షణ గృహాల్లో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన మరొక అధ్యయనంలో, అందరూ కలిసి పాడే సాధారణ గాన బృందం వల్ల దిగులు తగ్గింది. కనుక సంఘం పాటవల్ల మేలు ఉంది. ఆ మేలు క్షేమం, స్వస్థత కాదు. 1 సమూయేలు 16:23లో దావీదు సితారా వాయించినప్పుడు సౌలు సేదదీరాడు. మళ్లీ మళ్లీ వాయించవలసి వచ్చింది. ఆ వచనాన్ని స్వస్థత వాగ్దానంగా బోధించేవారు ఈ సంగతి గమనించరు.

రెండవ హద్దు ప్రదర్శన. ఇటీవల క్రిస్మస్ వేదికలమీద మరపు ఉన్న వృద్ధులను నిలబెట్టి పాడించి ఫోన్లలో చిత్రించడం చూస్తున్నాము. పాట వారి కోసమా, చప్పట్ల కోసమా? వేదిక ఎక్కిన అవ్వకు తానెక్కడ ఉన్నదో తెలియదు. తెలిసి ఉంటే ఒప్పుకొనేదా అని ఎవరూ అడగరు.

మూడవది అన్నిటికంటె ముఖ్యం, అది నాకు నేర్పింది ఆ మొదటి అవ్వ కోడలు. నేను ఆమెను గుడికి రావద్దన్న తర్వాత కొన్ని నెలలకు ఆ ఇంట్లో ప్రార్థన పెట్టాము. కొత్త పాట ఒకటి పాడాము, అవ్వ గోడవైపు తిరిగి ఉంది. సంఘంలోని ఒక పెద్దామె పాత కీర్తన అందుకుంది. అవ్వ ఇటు తిరిగి, చరణం తర్వాత చరణం పాడింది. నేను ఒక చరణం వదిలి ముందుకు పోతే చెయ్యెత్తి ఆపి, ఆ చరణం తానే పాడింది. అందరం ఆశ్చర్యపోయాము. నేను లోలోపల ఒక మంచి ప్రసంగం తయారుచేసుకుంటున్నాను.

మరుసటి వారం కోడలిని అడిగాను, అవ్వకు మార్పు ఉందా అని. ఆమె ఇలా చెప్పింది: “ఏం మార్పు అయ్యగారూ? మీరు పోయినాక మళ్లా పుట్టింటికి పోతానని వాకిలి తీసింది. రాత్రంతా మేలుకొనే ఉన్నాం. కాకుంటే మీరు పాడినంతసేపూ నేను వెనక కొట్టంలో నడుము వాల్చినా. ఎన్ని దినాలకో ఆ అర్ధగంట నిద్రపోయినా. మళ్లా ఎప్పుడొస్తారు?”

ఆ స్త్రీ పాట వినలేదు, నిద్రపోయింది. డిమెన్షియా ఉన్నవారి క్షేమం గురించి మాట్లాడే గ్రంథాలు ఎన్ని చదివినా, సాముదాయిక కళ అనే మాటలో ‘సాముదాయిక’ అనే సగం నాకు అర్థమైంది ఆ రోజే. పదిమంది వచ్చి కూర్చుని పాడడమంటే, పదిమంది కళ్లు అవ్వను కాపాడటం, ఒక్కతె చేతులకు విరామం దొరకడం. పాట ఎంత బాగుంది అనేదానికంటె, ఎంతమంది ఎంతసేపు కూర్చున్నారు, ఎన్నిసార్లు తిరిగి వచ్చారు అనేదే ఈ కళకు ప్రమాణం.

6. సంఘం చేయదగినవి

ఈ చర్చ నుండి కొన్ని ఆచరణ విషయాలు తేలుతున్నాయి. మొదటగా, మరపు లక్షణాలు కనబడితే వైద్యుని చూడమని కాపరే చెప్పాలి. రక్తలేమి, థైరాయిడ్, బి12 విటమిన్ లోపం, దిగులు వంటి సరిచేయదగిన కారణాలు కొన్ని మరపులాగానే కనబడతాయి. ప్రార్థన వైద్యానికి అడ్డం రాకూడదు. రెండవది, ప్రతి ఆదివారం కనీసం ఒక పాత కీర్తన వాద్యాల హోరు లేకుండా, ముందు పాట వెనుక పాటగా, తగ్గించిన శ్రుతిలో పాడాలి. మూడవది, వారంలో ఒక నిర్ణీత సమయాన నలుగురైదుగురు ఒక ఇంటికి వెళ్లి ఒక గంట కూర్చోవాలి, అది ఇంట్లోవారికి విశ్రాంతి గంట అని ముందే చెప్పాలి. నాలుగవది, వెళ్లినవారు పరీక్ష ప్రశ్నలు అడగరాదు. పేరు తామే చెప్పాలి, పాట తామే మొదలుపెట్టాలి, వృద్ధురాలు ఏది పలికినా దాన్ని అందుకోవాలి. ఐదవది, మన వేదాంత కళాశాలల్లో పరిచర్య పాఠ్యంలో ఈ విషయం చేర్చాలి. నేను బి.డి. చదివిన రోజుల్లో మరణశయ్య పరిచర్య నేర్పారు. మరణానికి పది సంవత్సరాల ముందు మొదలయ్యే ఈ మరపును గూర్చి ఒక్క గంట పాఠం లేదు.

ముగింపు

ఒక సంగతి చెప్పకుండా వదిలాను. అవ్వను గుడికి రావద్దనక ముందు, ఒక నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ఆమె ముందుకు వచ్చాను. రొట్టె చూసి, “ఏందిది?” అన్నది. తన్ను తాను పరీక్షించుకొనలేనివారికి ఎలా ఇవ్వాలి అని 1 కొరింథీ 11:28 నా మనసులో మెదిలింది. వెనుక పెద్దలు చూస్తున్నారు. ఆమెను దాటి పక్కవారికి ఇచ్చాను.

ఆ వచనం పౌలు ఎవరితో చెప్పాడో సందర్భం చూస్తే తెలుస్తుంది. తమ భోజనం తాము ముందుగా తిని, లేనివారిని ఆకలితో వదిలినవారితో చెప్పాడు. ప్రభువు శరీరాన్ని వివేచింపనిది ఆ రోజు అవ్వ కాదు.

ఇంటి ప్రార్థన తర్వాత నేను తిరిగి వెళ్లాను. రొట్టె, ద్రాక్షారసం తీసుకెళ్లాను. ఈసారి ముందుగా ఏమీ అడగలేదు, వివరించలేదు. బల్ల ఆరాధనలో మన సంఘాలు పాడే ఒక పాత కీర్తన పల్లవి అందుకున్నాను, కోడలు కలిసింది. రెండవ పర్యాయం పల్లవి వచ్చేసరికి అవ్వ రెండు చేతులు ఒకదానిపై ఒకటి పెట్టి చాచింది. గుడిలో నలభై ఏళ్లు చాచినట్టే చాచింది. ఆమెకు నేనెవరో తెలియదు. అది ఏ దినమో తెలియదు. చేతులు చాచాలని తెలుసు.

ఆ తర్వాత ఆమె ఒక సంవత్సరం బ్రతికింది. వేసవి వచ్చేవరకు గుడికి తీసుకువచ్చేవారు. ప్రసంగం మధ్యలో పాడేది. ఆమె పాడినప్పుడు నేను ఆగేవాణ్ణి, సంఘం వెనుక పాట అందుకునేది, పల్లవి రెండుసార్లు అయ్యాక ప్రసంగం కొనసాగించేవాణ్ణి. ఆరాధన కొంత ఆలస్యంగా ముగిసేది. దానివల్ల ఎవరికీ నష్టం కలిగినట్టు నాకు తెలియదు.